గేటు ఉన్న గ్రౌండ్లు ఖాళీ, గేటు లేని కట్టలు ఫుల్

"కరోనా తర్వాత మీ ఊళ్లో జనం పార్కులు, గ్రౌండ్లు వాడే తీరు మారిందా, ఆ మార్పు ఇప్పటికీ ఉందా?" అని అడిగారు కదా. మారింది. కానీ జనం పెరిగారా, తగ్గారా అని మాత్రమే చూస్తే ఆ మార్పు మీకు దొరకదు. నేను హనుమకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీని, అంటే ఆటల టీచర్‌ని, పొద్దున లేస్తే గ్రౌండ్ మీదే ఉంటా, కాబట్టి కంటితో చూసిందే చెప్తున్నా.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ముందుగా గేటు ఉన్న ప్రతి చోటికీ తాళం పడింది. పబ్లిక్ గార్డెన్, జేఎన్ఎస్ స్టేడియం, హంటర్ రోడ్డు జూపార్క్, అన్నీ బంద్. ఖిలా వరంగల్ లాంటి పురావస్తు శాఖ కట్టడాలు అంతకంటే ముందే, మార్చి 17నే మూసేశారు, జూలై దాకా తెరవలేదు. మా వైపు ఒక కాలేజీ గ్రౌండ్‌లో అయితే కూరగాయల మార్కెట్ పెట్టారు, పిచ్ మీద టమాటా గంపలు.

మరి గేటు లేనిచోటికి తాళం ఎక్కడ వేస్తారు? ఏప్రిల్, మే నెలల్లో చెరువుల్లో నీళ్లు లోపలికి జరిగి శిఖం భూమి బయటపడుతుంది. సరిగ్గా అప్పుడే హైదరాబాద్‌లో హాస్టళ్లు మూసేసి పోరగాళ్లంతా ఊళ్లకు వచ్చారు. ఏళ్ల తర్వాత ఊళ్లో ఇరవై ఏళ్ల వయసు పిల్లలు ఒక టీమ్‌కు సరిపడా ఉన్నారు! తెల్లారకముందే శిఖంలో క్రికెట్, పోలీసు బండి కట్ట ఎక్కిందంటే వికెట్లు చంకన పెట్టుకుని పరుగు. పెద్దవాళ్లు ఎస్సారెస్పీ కాలువ కట్ట పట్టారు. ఇంకొందరికి ఇంటి స్లాబే పార్క్ అయింది, అక్కడే నడక, అక్కడే షటిల్, పచ్చీసు, సంక్రాంతి ఎప్పుడో పోయినా పతంగులు. దీంట్లో ఒక ప్రమాదం కూడా ఉంది, ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. స్విమ్మింగ్ పూల్స్ బంద్ కాగానే ఈత రాని పిల్లలు కూడా బావులకు, కాలువలకు ఎగబడ్డారు. పూల్ దగ్గర ఒక కోచ్ అన్నా ఉంటాడు, కాలువలో ఎవరున్నారు?

నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే మార్పు వేరే. నడిచేవాళ్లు పెరిగారు, కూర్చునేవాళ్లు పోయారు. పార్కులు తెరిచాక కూడా బెంచీలకు తాళ్లు కట్టి ఉంచారు, ఎవరన్నా కూర్చుంటే వాచ్‌మన్ విజిల్ వేసేవాడు. నడుచుకుంటూ వెళ్లిపో, ఆగకు, ఇదీ రూల్. గాలి ఆడే బయటి చోట దూరం దూరంగా కూర్చుంటే మూసి ఉన్న గదిలోకంటే రిస్క్ చాలా తక్కువ అని తర్వాత డాక్టర్లే చెప్పారు. న్యూయార్క్‌లో ఒక పార్కులో 2020 మే నెలలో గడ్డి మీద తెల్ల వలయాలు గీసి, ఒక్కో వలయంలో ఒక్కో కుటుంబం కూర్చోండి అన్నారు. మన దగ్గర ఎవరికీ ఆ ఆలోచన రాలేదు, తాళ్లు చవక కదా. మా బాపు, ఇంకొందరు రిటైర్డ్ టీచర్లు రోజూ సాయంత్రం ఒక చెట్టు కింద కూర్చుని పేపర్ చదివి రాజకీయాలు కొట్లాడుకునేవాళ్లు. అందులో ఇద్దరు ముగ్గురు సెకండ్ వేవ్‌లో పోయారు. మిగిలినవాళ్లు వాట్సాప్‌లోకి మారారు, మళ్లీ ఆ చెట్టు కిందికి రాలేదు. డాక్టర్ చెప్పాడు కాబట్టి బాపు వాకింగ్‌కి మాత్రం పోతాడు, అరగంటలో తిరిగొస్తాడు. పార్క్‌లో జనాన్ని లెక్కపెట్టేవాళ్ల కాగితంలో ఆయన అప్పుడూ ఒక్కడే, ఇప్పుడూ ఒక్కడే.

ఆడవాళ్ల విషయంలో మాత్రం మంచే జరిగింది అంటాను. షుగర్, బీపీ ఉంటే కరోనా ముదురుతుందన్న భయం, పైగా మొగుడు పిల్లలు ఇంట్లోనే ఉండటంతో కాసేపు బయటపడాలన్న ఆరాటం. వాడకట్టులో వదినలు, అక్కలు నలుగురైదుగురు జట్టుగా కాకతీయ యూనివర్సిటీ (కేయూ) క్యాంపస్ రోడ్లకు, వడ్డేపల్లి చెరువు కట్టకు రావడం మొదలుపెట్టారు. అంతకుముందు ఆ టైమ్‌లో అక్కడ అంతా మగవాళ్లే. ఆ జట్లలో చాలావరకు ఇప్పటికీ వస్తున్నాయి.

టైమ్ కూడా మారింది. 2021 మే 12న మన రాష్ట్రంలో రెండో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మొదట్లో పొద్దున 6 నుంచి 10 దాకానే సడలింపు, పాలు, మందులు, కూరగాయలు, వాకింగ్ అన్నీ ఆ నాలుగు గంటల్లోనే. రద్దీ తగ్గించాలని పెట్టిన రూల్ జనాన్ని ఒకే టైమ్‌కు రోడ్డు మీదికి తెచ్చింది. తర్వాత దీనికి ఉల్టా అలవాటు ఒకటి వచ్చింది, అందరూ పోయేటప్పుడు మనం పోవద్దు అని. 2022 ఫిబ్రవరి మేడారం జాతరకు మా చుట్టాల్లో చాలామంది వారాల ముందే పోయి మొక్కులు చెల్లించుకుని వచ్చారు. బతుకమ్మ సంగతీ చూడండి. 2020లో అధిక మాసం వల్ల అక్టోబర్‌లో పడింది, వేయి స్తంభాల గుడి దగ్గరికి, పద్మాక్షి గుట్టకు పోవడానికి భయపడి అపార్ట్‌మెంట్ సెల్లార్లలో, గల్లీల్లో ఆడారు. గుడి దగ్గర మళ్లీ జనం వచ్చారు కానీ అపార్ట్‌మెంట్ బతుకమ్మ ఆగలేదు, రెండూ నడుస్తున్నాయి.

పిల్లల ఆటల్లో కబడ్డీ బాగా దెబ్బతింది, పట్టుకోకుండా కబడ్డీ ఎట్లా ఆడతారు? షటిల్, సైకిల్ పెరిగాయి. 2020 జూన్‌లో ఐసీసీ బంతికి ఉమ్ము రాయొద్దన్నది కదా, టెన్నిస్ బంతితో ఆడే ఆరో తరగతి వాడు కూడా "సార్, వీడు ఉమ్ము పెట్టిండు, ఔట్ ఇయ్యండి" అని గొడవ. 2021 సెప్టెంబర్ 1న స్కూళ్లు తెరిచాక ఒక్క రౌండ్ ఉరికిస్తే సగం మంది మధ్యలోనే నడుం పట్టుకున్నారు. అది తేరుకోవడానికి చాలా నెలలు పట్టింది, ఫోన్ అలవాటు మాత్రం పోలేదు.

మీరు ప్రాజెక్ట్ కోసం అడుగుతున్నట్టున్నారు కాబట్టి ఇంకో మాట. పార్కుల్లాంటి చోట్లకు జనం రాక ఎంత పెరిగిందో, తగ్గిందో ఫోన్ లొకేషన్లను బట్టి చెప్పిన గూగుల్ మొబిలిటీ రిపోర్టులు చూసి రాసేయకండి. వాటిలో పోలికకు తీసుకున్నవి 2020 జనవరి 3 నుంచి ఫిబ్రవరి 6 దాకా ఉన్న రోజులు, అంటే మన దగ్గర చల్లటి వాతావరణం, మధ్యలో సంక్రాంతి. దాంతో మే నెల ఎండను పోలిస్తే కరోనా లేకపోయినా పార్కులు ఖాళీగానే కనిపిస్తాయి. పైగా ఫోన్‌లో లొకేషన్ హిస్టరీ ఆన్ చేసుకున్నవాళ్ల లెక్కే అది, చెరువు శిఖంలో ఆడే పిల్లలను ఏ పార్కు కింద రాస్తుంది? అట్లాగే తర్వాత వచ్చిన జనమంతా కరోనా వల్లే అనుకోకండి. 2022లో గ్రౌండ్లు కిక్కిరిసింది పోలీసు నోటిఫికేషన్ వల్ల, 1600 మీటర్ల పరుగు ప్రాక్టీస్ చేసే అభ్యర్థులతో మాకు పిల్లలను ఆడించే జాగా లేకుండా పోయింది. రామప్ప గుడి వైపు రద్దీలో 2021 జూలై 25న వచ్చిన యునెస్కో గుర్తింపు వాటా ఎంతో, కరోనా వాటా ఎంతో విడదీయడం కష్టం.

నన్నడిగితే ఒక వారం పొద్దున ఐదున్నరకు ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి వడ్డేపల్లి కట్టకు, పబ్లిక్ గార్డెన్‌కు వెళ్లండి. మొత్తం తల లెక్క వద్దు. ఆడవాళ్లు ఎందరు, అరవై దాటినవాళ్లు ఎందరు, కూర్చున్నవాళ్లు ఎందరు అని విడివిడిగా రాసుకోండి, తర్వాత అక్కడి పాత వాకర్లను పట్టుకుని 2019లో ఎట్లుండేదో అడగండి. సెలవు రోజైతే నేనూ వస్తా, పరిచయం చేస్తా.