అమెరికాలో సైన్స్, లెక్కల టీచర్లు కాబోయేవాళ్లకిచ్చే నోయ్స్ స్కాలర్‌షిప్ తీసుకుంటే ఎన్నేళ్లు బడిలో పనిచేయాలి?

డబ్బు అందిన ప్రతి ఏడాదికీ రెండేళ్లు, అదీ అవసరం ఎక్కువున్న (పేద పిల్లలు ఎక్కువున్న, లేదా టీచర్లు నిలవని) స్కూల్ డిస్ట్రిక్ట్‌లో. మధ్యలో మానేస్తే స్కాలర్‌షిప్ అప్పుగా మారుతుంది, సంతకానికి ముందే ఆ షరతు చదవండి. ఎఫ్-1 (స్టూడెంట్) వీసా మీదున్న మనవాళ్లకు రాదు. పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి.

డబ్బుకన్నా, బడిలో చేరాక మీకు దారిచూపే సీనియర్ టీచర్, అంటే మెంటర్, ఎవరన్నది చూసుకోండి. అదే సబ్జెక్టు మనిషి కావాలి. పిల్లాడు 1/2 + 1/3 = 2/5 అని రాస్తే, పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కలిపేశాడని పట్టుకుని, కాగితం మడిచి చూపించమనేది లెక్కల టీచరే. వేరే సబ్జెక్టు మెంటరైతే మాట క్లాసులో అల్లరి దగ్గరే ఆగిపోతుంది. మెంటర్ వారానికో క్లాసు మీది చూసి, అదే రోజు పిల్లల నోటుబుక్కులు ముందేసుకుని మీతో అరగంట కూర్చోవాలి. ఇద్దరికీ ఒకే ఖాళీ పీరియడ్ టైంటేబుల్లో ముందే వేయించుకోకపోతే మాత్రం ఇది రెండో నెలకే అటకెక్కుతుంది.