పెరటి ప్రశ్నలు: దసరా వానలకు పసుపెక్కిన పచ్చిక

ప్రశ్న: అక్కయ్య గారూ, మాది గుంటూరు విద్యానగర్. ఇంటి ముందు సెంటు జాగాలో కడియం నుంచి తెప్పించిన మెక్సికన్ గ్రాస్ పరిపించాం. వేసవంతా కళకళలాడింది. దసరా వానలు పట్టుకున్నప్పటి నుంచి పసుపు తిరిగింది. అక్కడక్కడా గుండ్రంగా గోధుమరంగు మచ్చలు కూడా వచ్చాయి. అమెరికాలో ఉన్న మా అబ్బాయి, లాన్‌కి ఇదే అదను, కొత్త విత్తనం చల్లి ఎరువు దండిగా వేయమంటున్నాడు. తోటపనికి వచ్చే అతను యూరియా తెమ్మంటున్నాడు. ఎవరి మాట వినను?

జవాబు: ముందు ఆ యూరియా ఆపించండి. మీ గడ్డికి ఇప్పుడు ఊపిరి ఆడటం లేదు.

మీ అబ్బాయి చెప్పింది వాళ్ళుండే చోటికి సరైన మాటే. చలిదేశాల్లో పెంచే ఫెస్క్యూ, రై గడ్డి రకాలకు 15 నుంచి 24 డిగ్రీల చల్లదనం హాయి. వేసవిలో సోలిపోయి, శరత్తులో మళ్ళీ వేళ్ళు తన్నుతాయి. అందుకే అక్కడ సెప్టెంబరులో విత్తనం చల్లుతారు. మన మెక్సికన్ గ్రాసూ గరికా వేడికి పెరిగే జాతులు. 27 నుంచి 35 డిగ్రీల మధ్య జోరుగా సాగి, కార్తీకం దాటాక మందగిస్తాయి. రై విత్తనం ఇక్కడ చల్లితే చలికాలం పచ్చగా కనిపించి, వేసవి ముదిరేసరికి మాడిపోతుంది. రాలిన ఆకులు ఊడ్చే పని కూడా మనకు ఇప్పుడు రాదు. వేప, రావి ఆకు రాల్చేది శిశిరంలో కదా.

మీ ఊరిది నల్లరేగడి. వాన పడితే ఉబ్బి, మట్టిలో గాలి తిరిగే సందులన్నీ మూసేస్తుంది. నీళ్ళు నిలిస్తే వేరు పనిచేయదు, నేలలో నత్రజని ఉన్నా ఆకుకు అందదు. అప్పుడు యూరియా వేస్తే మచ్చలు తెచ్చిన బూజు తెగులుకే బలం. మా నాన్నగారు మిరప వేసేవారు. తడి రేగడిలో మమ్మల్ని కాలు పెట్టనిచ్చేవారు కాదు, తొక్కిన చోట మట్టి బిగిసి మొక్క గిడసబారుతుందని. పచ్చికకూ అంతే. వాన వెలిసిన రెండు మూడు రోజులు పిల్లల్నీ, స్కూటర్లనీ దాని మీదికి రానివ్వకండి.

నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయో వానలోనే చూసుకుని గేటు వైపు సన్నటి కాలువ తీయించండి. మట్టి పిడికిట్లో ముద్దయి, వేలితో నొక్కితే పొడిగా విడిపోయే పదునుకు వచ్చాక గడ్డపార మొనతో జానెడు ఎడంలో, నాలుగు అంగుళాల లోతున గుచ్చుకుంటూ వెళ్ళాలి. తవ్వి తిరగేయొద్దు, గుచ్చి తీయడమే. జల్లించిన ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమానంగా కలిపి ఆ రంధ్రాల్లోకి చీపురుతో ఊడ్చేయండి. శ్రమే, కానీ ఈ ఒక్క పని చేస్తే మిగతావి సగం తగ్గుతాయి.

కోత విషయంలో తొందర వద్దు. ఆకు తడి ఆరాక, పొడవులో మూడో వంతుకు మించకుండా కోయండి. మచ్చలున్న చోట కోసిన గడ్డి ఎత్తి పారేయాలి. వానలు ఆగాక నీళ్ళు తెల్లవారి పెట్టండి. రాత్రి తడిపితే ఆ తెగులు మళ్ళీ వస్తుంది.

పదును కుదిరిన తర్వాత కూడా లేత ఆకు పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. సున్నం ఎక్కువగా ఉన్న రేగడిలో మామూలే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లపూట పిచికారీ చేయండి. టైల్సు మీద పడకుండా చూసుకోండి, తుప్పు మరక వదలదు.

కొత్త చిగురు కనిపించాక యూరియా వేయొచ్చు. మీ సెంటుకు 200 గ్రాములు చాలు. ఇసుకతో కలిపి పొడి ఆకు మీద చల్లి, వెంటనే నీళ్ళు పెట్టండి. డిసెంబరు వచ్చిందంటే ఇక వేయకండి.

ప్రశ్న: అమ్మా, విజయవాడ పటమటలో మా ఇంటి మామిడి చెట్టు కింద గడ్డి ఎన్నిసార్లు వేసినా నిలవట్లేదు. ఇప్పుడు కొమ్మలు కొట్టించి, రోజూ నీళ్ళు పెడితే వస్తుందా?

జవాబు: ఆ పని చేయకండి బాబూ. మామిడి పూతకొచ్చేది డిసెంబరు, జనవరిల్లో. ఇప్పుడు కొమ్మ కొడితే పూత పోతుంది. అక్టోబరు, నవంబరుల్లో చెట్టు మొదలు దగ్గర నీళ్ళు ఎక్కువైతే అది పూత మాని చిగురు వేస్తుంది. కాయ దిగాక, జూన్, జూలైల్లో కొమ్మలు పలచన చేయించి, సగం ఎండైనా తగిలే అంచుల్లో బఫెలో గ్రాస్ వేయండి. చిక్కటి నీడలో ఏ గడ్డీ బతకదు. అక్కడ ఆకు అడుగు ఊదారంగులో ఉండే రియో మొక్కలు పెట్టుకోండి, తక్కువ నీళ్ళతోనే నిలుస్తాయి.