డ్రిప్పులో తెల్ల పూత, వేరుశనగలో పసుపు ఆకు

ప్రశ్న: బోరు కింద మూడెకరాల్లో వేరుశనగ వేశాను. 35 రోజుల పైరు. కొత్త ఆకులు పసుపు పచ్చగా వస్తున్నాయి. యూరియా వేసినా మారలేదు. డ్రిప్పర్ల దగ్గర తెల్లగా పేరుకుని సగం పూడిపోయాయి. నీళ్లు ఉప్పయ్యాయా?
– ఒక రైతు, నంద్యాల జిల్లా

జవాబు: ఆ తెల్ల పూతను గోటితో గీకి, దాని మీద నిమ్మరసం నాలుగు చుక్కలు పిండండి. బుసబుసమని నురగ వస్తే అది ఉప్పు కాదు, సున్నం, అంటే కాల్షియం కార్బొనేట్. సున్నపురాతి పొరల్లోంచి వచ్చే నీటిలో కాల్షియం, బైకార్బొనేట్ అయాన్లు కరిగి ఉంటాయి. నీరు బయటికొచ్చి కార్బన్ డయాక్సైడ్ పోగానే ఆ రెండూ కలిసి రాయిగా మారతాయి. మీ జిల్లాలోని బెలుం గుహల్లో పైకప్పు నుంచి వేలాడే రాళ్లు ఏర్పడిందీ ఇలాగే. అక్కడ వేల ఏళ్లు పట్టింది, ఎండకు కాగే మీ పైపుల్లో ఒక్క సీజన్ చాలు.

పసుపు రంగుకూ ఈ నీళ్లే కారణం కావచ్చు. ఒక ఆకు తెంపి ఎండకెదురుగా పట్టుకుని చూడండి. లేత ఆకులో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోతే ఇనుము లోపం. నత్రజని లోపమైతే ముందు కింది ముదురు ఆకులు పండుతాయి. అందుకే మీ యూరియా పని చేయలేదు. ఇక వేయకండి. నేలలో ఇనుము ఉంటుంది, కానీ బైకార్బొనేట్, సున్నం ఎక్కువైతే అది కరగదు, వేరుకు అందదు. అన్నభేదిని (ఇనుమునిచ్చే ఫెర్రస్ సల్ఫేట్) నేలలో వేసినా అదే గతి పడుతుంది. ఆకుల మీదే కొట్టాలి.

లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, ఎకరాకు 200 లీటర్ల ద్రావణం సాయంత్రం పూట పిచికారీ చేయండి. వారం తర్వాత మరోసారి. అన్నభేది లేత ఆకుపచ్చ పలుకుల్లా ఉండాలి. తుప్పు రంగు తిరిగిందంటే కొనకండి. ఎప్పటికప్పుడు కలుపుకోండి. పొలంలో నీరు నిలిస్తే లోపం ఇంకా ముదురుతుంది, తడులు తగ్గించండి.

డ్రిప్పుకు యాసిడ్ ట్రీట్‌మెంట్ తప్పదు. లేటరల్ (డ్రిప్పర్లుండే సన్న పైపు) చివర వచ్చే నీటిలో ముంచిన పీహెచ్ పేపరు (ఆమ్లత్వం చూపే కాగితం) 4 చూపేదాకా హైడ్రోక్లోరిక్ యాసిడ్ పంపి, రాత్రంతా ఉంచి, తెల్లారి చివరలు తెరిచి కడిగేయండి. గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. బ్లీచింగ్ పౌడర్‌తో పొరపాటున కూడా కలపవద్దు, విషవాయువు వస్తుంది. మొదటిసారి డ్రిప్ టెక్నీషియన్‌ను దగ్గరుంచుకుని చేయండి.

లీటరు బాటిల్‌లో బోరు నీళ్లు పట్టి ల్యాబ్‌కు పంపి, కార్బొనేట్, బైకార్బొనేట్, కాల్షియం, మెగ్నీషియం, సోడియం అన్నీ చూడమనండి. ఊడలు (కాయ కట్టడానికి నేలలోకి దిగే కాడలు) దిగేటప్పుడు ఎకరాకు వేసే 200 కిలోల జిప్సం మాత్రం మానకండి. నీళ్లలో కాల్షియం ఉంది కదా అనుకోవద్దు, గంధకం కూడా జిప్సం నుంచే రావాలి.