సంతకం పెట్టేముందు ఒక్క రాత్రి ఆగండి

ఇరవైల్లో ఉన్నవాళ్ళు బాగా బతకాలంటే ఏం చెయ్యాలని అడిగారు. పొదుపు, వ్యాయామం, వేళకి నిద్ర అందరూ చెప్పేవే, నిజమే కూడా. ఈత మాత్రం తప్పకుండా నేర్చుకోండి. కాలవ గట్టున పుట్టి నీళ్ళంటే భయపడే మావాళ్ళని చాలామందిని చూశాను. ఇక నేను చెప్పాలనుకున్నది మొహమాటం గురించి.

మాది అంబాజీపేట దగ్గర పల్లె. ఇంటికొచ్చి అడిగినవాడికి లేదనడం మా వైపు తప్పుకింద లెక్క. 1995లో నాకు పాతికేళ్ళు. చిన్నప్పట్నుంచీ కలిసి తిరిగిన స్నేహితుడు కొబ్బరితోట కౌలుకి తీసుకుంటూ ఫైనాన్సులో అప్పు చేశాడు. "ఊరికే హామీ సంతకంరా" అన్నాడు. వాకిట్లో మా నాన్న కాయలు ఒలుస్తున్నారు. కాయని గునపానికి గుచ్చి, అలాగే ఆగి నావైపు చూశారు. ఏమీ అనలేదు. నేను చూడనట్టే ఉండి, కాగితం మోకాలిమీద పెట్టుకుని సంతకం గీకేశాను. చదవలేదు. చదివితే వాడేమనుకుంటాడో అని!

1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చింది. తెల్లారేసరికి వాడి తోటలో సగం చెట్లు వేళ్ళతో సహా పడున్నాయి, కొన్ని నడిమికి విరిగాయి. మళ్ళీ మొక్క వేస్తే కాపుకి ఆరేడేళ్ళు. వాడు పని వెతుక్కుంటూ హైదరాబాద్ వెళ్ళిపోయాడు. ఫైనాన్సువాళ్ళు మా వాకిట్లోకొచ్చారు. "ముందు వాణ్ణి అడగండి" అన్నాను. అప్పుడు తెలిసింది, 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, వేరేగా రాసుకోకపోతే, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో హామీ ఉన్నవాడికీ అంతేనని. ఐదేళ్ళు కట్టాను. చెల్లి పెళ్ళి రెండేళ్ళు వెనక్కి పోయింది. తను ఒక్క మాటా అనలేదు, అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

వాడు మోసగాడేం కాదు. దొంగ అని తెలిస్తే ఎవరూ సంతకం పెట్టరు కదా, మనం ఇరుక్కునేది మంచివాళ్ళ దగ్గరే. మొహమాటానికి పోతే కడుపైందన్న సామెత ఊరికే పుట్టలేదు.

మొహంమీద కాదనక్కర్లేదు. "రేపు చెప్తాను" అనండి చాలు. రాత్రి కాగితం మొత్తం చదవండి. వాడు కట్టకపోతే అదంతా మీరు కట్టగలరా, లెక్క వేసుకోండి. కుదరదనుకుంటే, తిరిగి రాకపోయినా బాధపడనంత డబ్బు చేతిలో పెట్టి, కాఫీ ఇచ్చి పంపండి. ఇది మా నాన్న ఆ అప్పు తీరాక చెప్పిన పద్ధతి. (ముందే చెప్పొచ్చు కదా అంటే, "నువ్వు నావైపు చూస్తేగా" అన్నారు.) ఇప్పుడు కాగితం బదులు ఫోనుకి ఓటీపీ వస్తోంది. అది చెప్పడం కూడా సంతకం పెట్టడం లాంటిదే.

పోయినేడు మా అన్నయ్య కొడుకు బైకు లోనుకి హామీ ఉండమని వచ్చాడు. "ఇక్కడ ఒక్క సంతకం బాబాయ్" అన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ తీశాను. మొత్తం పదకొండు పేజీలు. వాడు మూడోసారి వాచీ చూసుకునేటప్పటికి నేనింకా నాలుగో పేజీలోనే ఉన్నాను.