అకత్సుకా ఒక్కరేనండి, ఇద్దరు లేరు

‘ఒసోమత్సు-సాన్’ యానిమే (జపాన్ యానిమేషన్ సీరియల్) 2015లో వచ్చింది, దాని మీద పేరున్న జపాన్ కామిక్స్ చిత్రకారుడు ఫుజియో అకత్సుకా 2008లోనే చనిపోయారు, పైగా మ్యాజిక్ అద్దం ఉన్న ‘అక్కో-చాన్’ మీదా అదే పేరుంది, ఇద్దరున్నారా అని అడిగారు కదా. ఒక్కరే.

మీరు చూసింది ఆయన 80వ జయంతి సందర్భంగా వేరే బృందం తీసింది. దానికి మూలమైన ఆయన మాంగా (జపాన్ కామిక్స్) పేరు ‘ఒసోమత్సు-కున్’, 1962లో ‘షోనెన్ సండే’ వారపత్రికలో మొదలైంది. అందులో కథానాయకులైన ఆరుగురు కవలలు చిన్నపిల్లలు. యానిమేలో పెద్దవాళ్లై ఉద్యోగం లేకుండా తిరుగుతుంటారు. అందుకే మీకు లెక్క కుదరలేదు.

‘అక్కో-చాన్’ కూడా 1962దే, అమ్మాయిల పత్రిక ‘రిబోన్’లో వచ్చింది. ఇందులో వింతేం లేదు. 1956లో ఆయన మొదటి పుస్తకమే అమ్మాయిల కోసం గీసింది, అదీ అద్దె పుస్తకాల షాపులకు. టోక్యోలోని తోకివా-సో అనే పాత చెక్క ఇంట్లో తోటి చిత్రకారులతో అద్దెకుంటూ కష్టపడ్డ రోజులవి. 1958లో ‘నామా-చాన్’ మాంగాతో కామెడీ దారి దొరికింది.

‘ఒసోమత్సు-కున్’లో ఆ కవలలకన్నా, పళ్లు బయటికున్న ఇయామీ అనే పక్కపాత్ర, ‘షే!’ అంటూ అతను పెట్టే పోజు జపాన్‌లో ఎక్కువ పాపులర్ అయ్యాయి. పక్కపాత్రకు అంత చోటివ్వడం నాకు చాలా ఇష్టం. తర్వాత 1967లో మొదలైన ఆయన మాంగా ‘టెన్సాయ్ బకాబోన్’ చదవండి. అక్కడా కొడుకుకన్నా తండ్రే మిమ్మల్ని ఎక్కువ నవ్విస్తాడు.