ఎఫెసస్ శిథిలాలు చూశాక షిరింజె ఊరికి వెళ్లాలా? వెళ్లండి, ఒక రాత్రి ఉండేలా వెళ్లండి

అక్టోబరులో డెబ్బై దాటిన అమ్మానాన్నలతో తుర్కియే వెళ్తున్నామని, ప్రాచీన గ్రీకు, రోమన్ నగరమైన ఎఫెసస్ శిథిలాలకు ఒక రోజు కేటాయించామని, పక్కనే కొండ మీద ఉన్న షిరింజె అనే చిన్న ఊరు ద్రాక్షతోటలకు, పండ్ల వైన్‌కు పేరుపడిందని విన్నామని, ఇంట్లో ఎవరూ మద్యం ముట్టరు కాబట్టి అక్కడికి వెళ్లడం దండగేమోనని మీరు అడిగారు. దండగ కాదు. అయితే అరపూట వెళ్లి వస్తే మాత్రం మీ సందేహమే నిజమనిపిస్తుంది. నాకు ఆ రెండు అనుభవాలూ ఉన్నాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది విశాఖలోని గాజువాక. మా నాన్నగారు ముప్పై ఏళ్లు రేవుల్లో పూడిక తీసే డ్రెడ్జర్ ఓడల మీద పనిచేసి రిటైరయ్యారు. అమ్మ, నాన్నగారు, నేను, నా భార్య కలిసి ఒక సెప్టెంబరు చివరి వారంలో ఎఫెసస్ వెళ్లాం. మొదటి రోజు ఒక టూరు నిర్వాహకుడి బస్సులో వెళ్తే, శిథిలాల దగ్గర రెండు గంటలు తిప్పి, తోలు దుస్తుల దుకాణంలో గంటకు పైగా కూర్చోబెట్టి, షిరింజెలో నలభై నిమిషాలు మాత్రం వదిలారు. ఆ నలభై నిమిషాల్లో మేము చూసింది సబ్బులు, మాగ్నెట్లు, వైన్ సీసాలు అమ్మే ఒక్క వీధి. బస్సెక్కేటప్పుడు వెనక్కి తిరిగి చూస్తే కొండవాలంతా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు తెల్లగోడల పెంకుటిళ్లు కనిపించాయి. అసలు ఊరు అదేనని, అక్కడికి మేము వెళ్లనే లేదని అప్పుడు తెలిసింది. మర్నాటి ప్రయాణం ఒక రోజు వాయిదా వేసుకుని, మళ్లీ మొదటి నుంచి, ఈసారి మా అంతట మేమే వెళ్లాం.

నా సలహా ఒక్కటే. ఎఫెసస్‌ను, షిరింజెను రెండు వేర్వేరు చోట్లుగా కాకుండా, కింది నుంచి పైకి సాగిన ఒకే కథగా చూడండి. ఆ సంగతి నాకు మా నాన్నగారి వల్ల తెలిసింది. ఎఫెసస్‌లో పాతిక వేల మంది పట్టే రంగస్థలం ఉంది. దాని మెట్ల మీద కూర్చుంటే ఎదురుగా పాలరాతి పలకలు పరిచిన వెడల్పాటి బాట తిన్నగా వెళ్లి, ఏమీ లేని చోట ఆగిపోతుంది. నాన్నగారు చాలాసేపు అటే చూసి, "ఇది రేవుకు పోయే దారి కదా, మరి రేవేది?" అన్నారు. ఆయన అడిగిందే ఆ నగరం మొత్తానికి అసలు ప్రశ్న. ఒకప్పుడు సముద్రం ఆ బాట చివరి దాకా ఉండేది. ఇప్పుడు కొన్ని కిలోమీటర్ల అవతలికి పోయింది. కైస్టర్ అని పాత పేరున్న నది ఏటా ఒండ్రు తెచ్చి పోయడంతో రేవు మేట వేసింది. పెర్గమం రాజు రెండవ అట్టాలస్ రేవు ముఖద్వారాన్ని ఇరుకు చేస్తే లోతు పెరుగుతుందని తలచి అడ్డుకట్ట కట్టించాడని, ఒండ్రు బయటికి పోయే దారి మూసుకుపోయి మేట ఇంకా పెరిగిందని స్ట్రాబో అనే ప్రాచీన భూగోళవేత్త నమోదు చేశాడు. తర్వాత నీరో చక్రవర్తి కాలంలో బారియా సొరానస్ అనే గవర్నరు పూడిక తీయించాడు. విశాఖ రేవు దగ్గర డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన పేరుకునే ఇసుకను తవ్వి ఆర్కే బీచ్ వైపు పోయడం చూస్తూ పెరిగిన మనకు ఈ కథ చెప్పకుండానే అర్థమవుతుంది. పూడిక తీయడం ఒక ఏడాది ఆపితే ఏమవుతుందో తెలిసిన మనిషి పక్కన కూర్చుని చూశాను కాబట్టి, ఆ ఖాళీ పొలం నాకు గుడి స్తంభాల కంటే ఎక్కువగా గుర్తుండిపోయింది.

అలాగని మిగతావి తక్కువని కాదు. సెల్సస్ గ్రంథాలయం ముందు అమ్మ అడుగు కదపలేదు. రోమన్లు ఆసియా అని పిలిచిన ఇక్కడి ప్రాంతానికి గవర్నరుగా పనిచేసిన సెల్సస్ జ్ఞాపకార్థం ఆయన కొడుకు రెండవ శతాబ్దంలో దాన్ని కట్టించాడు. తండ్రి సమాధి ఆ పుస్తకాల గది కిందే ఉంది. కూలిపడి ఉన్న ముఖభాగాన్ని ఆస్ట్రియా పురావస్తు నిపుణులు 1970 నుంచి 1978 వరకు శ్రమించి తిరిగి నిలబెట్టారు. గూళ్లలో కనిపించే నాలుగు స్త్రీమూర్తులు మాత్రం నకళ్లు, అసలువి వియన్నాలో ఉన్నాయి. విశాఖ దగ్గరి మన బౌద్ధ క్షేత్రం తొట్లకొండ తవ్వకాల్లో రోమన్ వెండి నాణేలు దొరికాయని మీకు తెలిసే ఉంటుంది. ఆ నాణేలు చెలామణి అయిన లోకపు పెద్ద రేవుల్లో ఒకటి ఇదేనని చెబితే, అంతవరకు ఎండకు విసుక్కుంటున్న అమ్మకు ఆ రాళ్లతో ఏదో చుట్టరికం కలిసినట్టయింది.

పెద్దవాళ్లతో వెళ్తున్నారు కాబట్టి ఒక జాగ్రత్త. ఎఫెసస్‌కు ఎగువన ఒకటి, దిగువన ఒకటి రెండు ద్వారాలున్నాయి. ఎగువ ద్వారం దగ్గర దిగి, వాలు వెంట కిందికి నడిచి, దిగువ ద్వారం దగ్గర టాక్సీ ఎక్కండి. తిరగేసి వెళ్తే ఎక్కుడంతా పెద్దవాళ్ల మోకాళ్ల మీద పడుతుంది. వేల ఏళ్ల నడకకు అరిగిన పాలరాయి నున్నగా జారుతుంది కాబట్టి రబ్బరు అడుగున్న బూట్లు తప్పనిసరి. నీడ దాదాపు ఉండదు. ద్వారం తెరిచే వేళకే అక్కడుంటే తొమ్మిదిన్నర, పది తర్వాత బస్సుల్లో వచ్చి దిగే విహార ఓడల ప్రయాణికుల గుంపులను తప్పించుకోవచ్చు.

అక్కడి నుంచి సెల్చుక్ పట్టణానికి రండి. రేవు పూడి, చుట్టూ చిత్తడి పెరిగి, జ్వరాలు ముదిరాక జనం మకాం మార్చిన చోటు ఆ పట్టణంలోని అయాసులుక్ గుట్ట. దాని మీద ఆరవ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కట్టించిన సెయింట్ జాన్ చర్చి శిథిలాలున్నాయి, దిగువన 1375 నాటి ఈసా బే మసీదు ఉంది. ఇంకా కిందికి చూస్తే, ప్రాచీన ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటైన ఆర్టెమిస్ ఆలయానికి మిగిలిన గుర్తుగా, ముక్కలు పేర్చి నిలబెట్టిన ఒకే ఒక్క స్తంభం గడ్డి మధ్యలో కనిపిస్తుంది. మేము చూసినప్పుడు దాని మీద కొంగ గూడు ఉంది. ఈ మూడింటికీ గంటన్నర చాలు.

షిరింజె అక్కడికి సుమారు ఎనిమిది కిలోమీటర్లు. సెల్చుక్ బస్టాండు నుంచి డోల్ముష్ అనే చిన్న బస్సులు వెళ్తాయి. ఆ మాటకు నిండినది అని అర్థం, మన సర్వీసు ఆటోలాగే నిండితే కదులుతుంది. కూరగాయల్లో అన్నం కూరి వండే డోల్మా పేరు కూడా అదే ధాతువు నుంచి వచ్చింది. దారి ఆలివ్ చెట్లు, అంజూర చెట్లు, పీచు తోటల మధ్యగా మలుపులు తిరుగుతూ ఎక్కుతుంది.

ఆ ఊరి పాత పేరు చిర్కింజె, అంటే వికారమైనదని అర్థం. కిందనుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు ఇతరులు తమ వెంట రాకూడదని కావాలనే ఆ పేరు పెట్టుకున్నారని ఊళ్లో కథగా చెప్పుకుంటారు. 1926లో దాన్ని షిరింజె అని, అంటే ముచ్చటైనదని, మార్చారు. పేరు మారడానికి కొద్ది ముందే మనుషులు కూడా మారిపోయారు. అక్కడ తరాలుగా ఉన్న గ్రీకు క్రైస్తవులు గ్రీసు, తుర్కియేల యుద్ధం తర్వాత వెళ్లిపోగా, 1923లో ఆ రెండు దేశాల మధ్య కుదిరిన జనాభా మార్పిడి ఒప్పందం కింద గ్రీసులోని కవాలా ప్రాంతపు ముస్లిం కుటుంబాలు ఆ ఖాళీ ఇళ్లలోకి వచ్చాయి. మేము బస చేసిన ఇంటి యజమానురాలు తలుపు మీద చెక్కిన గ్రీకు అక్షరాలను చూపించి, "మా ముత్తాత ఇక్కడికి వచ్చినప్పుడు, ఈ ఇల్లు కట్టినవాళ్లు కూడా ఎక్కడో ఇంకొకరి ఇంట్లో సర్దుకుంటూ ఉండి ఉంటారు" అంది. ఆ అక్షరాలకు ఏటా సున్నం తగలకుండా చుట్టూ గీత గీసినట్టు వదిలి వెల్ల వేస్తారట. విశాఖ ఉక్కు కర్మాగారం కోసం ఊళ్లు ఖాళీ చేసిన కుటుంబాల పిల్లలతో కలిసి చదువుకున్నవాణ్ని కాబట్టి, ఆ గీత దగ్గర నేను కాసేపు నిలబడిపోయాను. పొద్దున వచ్చి మధ్యాహ్నం పోయే బస్సుల జనానికి ఈ తలుపులు కనబడవు. సాయంత్రం ఆఖరి బస్సు దిగిపోయాక ఊరు ఊరివాళ్లదవుతుంది, అప్పుడు వాళ్లు మాట్లాడతారు.

ఇక ద్రాక్ష విషయం. వైన్ తాగనివాళ్లకు ద్రాక్షతోటల ఊళ్లో ఏముంటుందన్నది మీ అసలు సందేహం. ద్రాక్ష వాళ్లకు తాగడానికి మాత్రమే కాదు. లేత ఆకుల్లో అన్నం చుట్టి ఆలివ్ నూనెతో వండుతారు, పండ్లను ఎండబెట్టి కిస్‌మిస్ చేస్తారు, రసాన్ని పొయ్యి మీద చిక్కబడేదాకా కాచి పెక్మెజ్ అనే పాకం చేస్తారు. మర్నాడు పొద్దున్న ఫలహారంలో ఆ నల్లటి పాకం ఒక గిన్నెలో, నువ్వులు నూరిన ముద్ద ఇంకో గిన్నెలో పెట్టారు. రెండూ కలిపి రొట్టెతో తినాలి. నాన్నగారు చెంచాతో పాకాన్ని నువ్వుల ముద్దలోకి వంచి తిప్పుతుంటే ముందు నల్లగీతలుగా సుళ్లు తిరిగి, తర్వాత మొత్తం తేనెరంగుకు వచ్చింది. నోట్లో పెట్టుకుని, "అనకాపల్లి బెల్లప్పాకం, నువ్వులుండ కలిపినట్టుందే" అన్నారు. అమ్మ మారుమాట లేకుండా గిన్నె తన వైపు లాక్కుంది. మాంసం తినకపోయినా ఆ ఊళ్లో ఇబ్బంది లేదు. పాలకూర గానీ బంగాళాదుంప గానీ పెట్టి పెనం మీద కాల్చే గోజ్‌లెమే, ఆలివ్‌లు, జున్ను, అంజూర జామ్ ఎక్కడైనా దొరుకుతాయి.

ఫలహారమయ్యాక ఊరి వెనక బాటలో అరగంట నడవండి. మన దగ్గర ద్రాక్షకు పందిరి వేయడమే చూశాం కదా, అక్కడ వాలు నేలల్లో కొన్ని చోట్ల తీగను పందిరి లేకుండా, మోకాలెత్తు పొదలా కత్తిరించి పెంచుతారు. కాండం ముసలివాళ్ల పిడికిలిలా ముడతలు పడి ఉంటుంది. మీరు వెళ్లే అక్టోబరుకు కోత చాలావరకు ముగిసి, ఆకులు పసుపు, ఎరుపు తిరుగుతూ ఉంటాయి. దానిమ్మలు మాత్రం చెట్ల మీద ఉంటాయి, రసం అప్పటికప్పుడు పిండి ఇస్తారు. వైన్ దుకాణాల్లో పీచు, మల్బరీ, దానిమ్మ వైన్‌లు చిన్న కప్పుల్లో రుచి చూడమని పిలుస్తారు. నా భార్య రుచి చూసి, తీపి మరీ ఎక్కువని చెప్పింది. వద్దని చిరునవ్వుతో చెబితే ఎవరూ బలవంతం చేయరు.

శని, ఆదివారాల్లో దగ్గరి పెద్ద నగరం ఇజ్మీర్ నుంచి జనం పోటెత్తుతారు, అందుకే వారం మధ్యలో వెళ్లండి. వీధులు నిటారుగా, రాళ్లు పరిచి ఉంటాయి, లోపలికి కారు రాదు. కాబట్టి బస మాట్లాడుకునేటప్పుడే కూడలికి దగ్గరగా, తక్కువ మెట్లతో ఉన్న గది కావాలని, సామాను మోసే మనిషిని పంపమని రాయండి. రాత్రి ఉండటం కుదరకపోతే, దిగిన వెంటనే ఆఖరి డోల్ముష్ ఎన్నింటికో అడిగి, కనీసం దీపాలు పెట్టే వేళ దాకా ఆగండి. పెక్మెజ్ సీసా కొంటే చేతిసంచిలో పెట్టకండి, విమానాశ్రయంలో తీసేస్తారు. మూతకు ప్లాస్టిక్ చుట్టి, పాత చీర మడతల మధ్య పెట్టి పెద్ద పెట్టెలో సర్దితే విశాఖ దాకా చుక్క కారకుండా వస్తుంది, మాది అలాగే వచ్చింది.