ఆరు నెలలకే కట్టుడు పళ్లు లూజయ్యాయంటే

అన్నా, ఆరు నెలల కింద మీ అమ్మకు కట్టించిన పళ్ల సెట్టు లూజైందని అడిగారు కదా. అది సెట్టు తప్పు కాకపోవచ్చు. పళ్లు తీసేశాక దవడ ఎముక అరుగుతూ పోతుంది, మొదటి ఏడాదిలోనే ఎక్కువ, అందుకే అప్పుడు సరిగ్గా పట్టిన కింది సెట్టు ఇప్పుడు అమ్మ సంగటి ముద్ద నోట్లో పెట్టగానే లేచి వస్తోంది.

1. కొత్త సెట్టుకు డబ్బులు కట్టొద్దు. ముందు "రీలైనింగ్ చేస్తారా" అని అడగండి. చాలామంది ఇది అడగరు. పాత సెట్టు లోపలివైపు కొత్త పొర వేసి, ఇప్పటి చిగుళ్ల కొలతకు సరిచేస్తారు. మా నాయనకు అదే చేయించాం, మళ్లీ చెనిక్కాయలు నములుతున్నాడు (ఉడకబెట్టినవే లెండి).

2. ఇంట్లో ఆకురాయితో అరగదీయొద్దు.

3. రాత్రి తీసి చన్నీళ్లలో వేయాలి. వేడినీళ్లలో వేస్తే సెట్టు వంకర తిరుగుతుంది.

4. రీలైనింగ్ చేసినా కింది సెట్టు కదులుతుంటే, ముందువైపు రెండు ఇంప్లాంట్లు (దవడ ఎముకలో బిగించే చిన్న స్క్రూలు) వేసి సెట్టును వాటికి తగిలించే పద్ధతి ఉంది. అమ్మకు షుగర్ ఉందన్నారు కదా, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) రిపోర్టు చేతిలో పెట్టుకునే వెళ్లండి.

ఖర్చు టెన్షన్ అయితే కడపలోనే ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, రిమ్స్ ఆసుపత్రి దగ్గర. పాత సెట్టు తీసుకెళ్లడం మరవొద్దు.